మోకు కోసినవాడి ఇంటిపేరు

ఆదివారం పూజ ముగించుకుని జనం చర్చి మెట్లు దిగుతుండగా, మునిసిపాలిటీ తలుపు ముందు దొరాందో తాల్యకానపో అనే క్వారీ కూలీ ఉబాల్దో పెల్లీచ అనేవాడి ముక్కు పగలగొట్టాడు. ఒక్క గుద్దే. ఎముక విరిగిన చప్పుడు గాడిదల నీళ్ళతొట్టి దగ్గరున్న ఆడవాళ్ళకి కూడా వినపడింది. ఉబాల్దో వెనక్కి పడ్డాడు, లేచాడు, నోట్లోకి కారిన నెత్తురు ఉమ్మేసి ఆంబోతులా వచ్చి దొరాందో కడుపులో తలతో పొడిచాడు. ఇద్దరూ రాళ్ళ మీద దొర్లారు. నలుగురు మగాళ్ళు కలిసి విడదీసేసరికి దొరాందో ఎడమ చెవితమ్మె సగం ఉబాల్దో పళ్ళ మధ్య ఉండిపోయింది.

"మావోళ్ళు ఏడుగురు చచ్చారురా!" అని అరిచాడు ఉబాల్దో, చెవిముక్క ఉమ్మేసి.

"మూడొందలేళ్ళయిందిరా, సిగ్గులేనోడా!"

"చచ్చినోళ్ళకి ఏళ్ళుండవు."

"మావోళ్ళు ఎంతమంది చచ్చారో ఎప్పుడన్నా చూశావా?"

"ఇంకా ఇద్దరు మిగిలారుగా," అన్నాడు ఉబాల్దో. అంత మాట అన్నాక దొరాందోని పట్టుకోవడానికి ఇంకో ఇద్దరు కావలసి వచ్చారు.

గొడవంతా తలుపుకి అంటించిన రెండు కాగితాల మీద. మొదటిది దొరాందో పెట్టుకున్న అర్జీ. తన ఇంటిపేరు మార్చుకోవడానికి రాజుగారి అనుమతి కోరుతున్నాడనీ, అభ్యంతరం ఉన్నవాళ్ళు నాలుగు నెలల లోపల చెప్పుకోవచ్చనీ అందులో ఉంది. మూడు నెలల ఇరవై రోజులు ఎవరూ కిక్కురుమనలేదు. దొరాందో రోజూ ఆ తలుపు ముందు నుంచి నడిచేవాడు, లోపల్లోపల పొంగిపోయేవాడు. శనివారం నాడు దాని కింద రెండోది వెలిసింది. ఉబాల్దో పెల్లీచకి అభ్యంతరం ఉందట.

తాల్యకానపో అంటే మోకు కోసినవాడు. ఇటలీ దేశమంతా గాలించినా ఈ వల్లెస్కూర లోయలో తప్ప ఆ పేరు దొరకదు. మూడు వందల ఏళ్ళ కిందట పాలరాతి దిమ్మెను కొండ మీంచి దించుతుండగా, పైన మోకు పట్టుకున్నవాడు ఆ లావుపాటి తాడుని గొడ్డలితో నరికేశాడు. కిందున్న ఏడుగురు పెల్లీచలు నలిగి ముద్దయ్యారు. ఆ ఏడాది ఫాదర్ చావుల పుస్తకంలో సంగతి రాసి, తర్వాత వాడికి పుట్టిన బిడ్డలందరికీ జ్ఞానస్నానాల పుస్తకంలో అదే ఇంటిపేరు చేసి పడేశాడు. అంతకు ముందు వాళ్ళ ఇంటిపేరేమిటో ఇప్పుడు దేవుడికి కూడా గుర్తుండి ఉండదు. ఎందుకు కోశాడంటే ఊళ్ళో తలా ఒక మాట. లంచం తిన్నాడని కొందరు, పిచ్చెక్కిందని కొందరు. ఆ ఇంట్లో వాళ్ళకి మాత్రం అసలేమీ తెలియదు.

అప్పటి నుంచి ఒక కట్టుబాటు. తాల్యకానపో ఇంటివాడు మోకు ముట్టకూడదు. వాడి చోటు దిమ్మె ముందు. జారే దిమ్మె ముక్కు కింద సబ్బు పూసిన దుంగలు ఒక్కొక్కటే పరుచుకుంటూ వెనక్కి నడవాలి. పైవాడి చెయ్యి జారితే ముందు పోయేది వాడే. ఇది ఎక్కడా రాసి లేదు, రాయవలసిన అవసరం ఏ మేస్త్రీకీ రాలేదు. ఒకప్పుడు పంతొమ్మిది ఇళ్ళుండే పేరు ఇప్పుడు ఒక్క గడపకి వచ్చిందంటే కారణం వేరే వెతకక్కర్లేదు. దొరాందో తాత దుంగకీ దిమ్మెకీ మధ్య పోయాడు. తండ్రిని పారతో ఎత్తి గోనెసంచిలో ఇంటికి తెచ్చారు. ఇద్దరు అన్నలు ఒకే పూట పోయారు. ప్రతిసారీ కొండ మీద శంఖం ఊదారు, ప్రతిసారీ ఊళ్ళో ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి మొదట చూసింది ఆ ఇంటి వైపే.

అర్జీ రాయించుకోవడానికి వెళ్ళిన రోజు గుమాస్తా తెబాల్దీ కలం ముంచి, "కారణం?" అని అడిగాడు.

"బతకాలని."

"అట్లా రాయకూడదయ్యా. రాజుగారి దాకా పోయే కాగితం. పేరు అవమానకరంగా ఉందనో, నలుగురూ నవ్వుతున్నారనో రాయాలి."

"ఎవరూ నవ్వట్లేదు. అవమానమనే రాయండి. పక్కన చిన్నక్షరాల్లో చావు అని కూడా రాయండి."

తెబాల్దీ రెండోది రాయలేదు. "ఈ పేరున్నోళ్ళు మొత్తం ఎందరు?"

"ఇద్దరం. నేనూ మావాడూ."

"మిగతావాళ్ళు?"

"మీ ఎనక బీరువాలో ఉన్నారుగా, చచ్చినోళ్ళ పుస్తకాల్లో."

మావాడంటే ఎల్వియో. ఇరవై రెండేళ్ళు, అప్పుడే సైన్యం నుంచి తిరిగొచ్చాడు. క్వారీ పని వద్దురా అని తల్లి ఇసోలినా కాళ్ళావేళ్ళా పడింది. "ఇప్పుడు పారిపోతే పేరు నిజమైపోద్దే అమ్మా," అన్నాడు వాడు. దొరాందోకి కొడుకు మీద కోపం, ఆ కోపం కింద గర్వం, రెండింటి కిందా నిద్ర పట్టనివ్వని భయం. పేరు పోతే కట్టుబాటు పోతుంది, కట్టుబాటు పోతే వాడు దిమ్మె కింద నుంచి బయటపడతాడు. అతను కోరుకున్నదల్లా అదొక్కటే.

సోమవారం పొద్దున తల చుట్టూ గుడ్డ కట్టుకుని, పక్కటెముకలు పట్టుకుని దొరాందో కొండెక్కాడు. మేస్త్రీ ఎగాదిగా చూశాడు.

"వంగలేవు నువ్వు. పైనే ఉండి దుంగలు చెక్కు."

"వంగుతా."

"వంగి చూపించు."

దొరాందో వంగాడు. సగంలో కళ్ళు చీకట్లు కమ్మి మోకాళ్ళ మీద పడ్డాడు.

"ముందు మరి ఎవరు దిగుతారు?" అన్నాడు మేస్త్రీ. ఎల్వియో సబ్బు డబ్బా తీసుకుని నడిచాడు.

"వాడొద్దు! ఈ ఒక్కరోజు ఇంకెవర్నైనా పంపండి, మీ కాళ్ళు పట్టుకుంటా," అన్నాడు దొరాందో.

"ఎవర్ని పంపమంటావు? పేరు చెప్పు."

దొరాందో చుట్టూ చూశాడు. అందరూ బూట్లకేసి చూసుకుంటున్నారు. నిన్న తాను వేసిన గుద్దు ఇవాళ కొడుకుని దిమ్మె కిందికి దించిందని అప్పుడు తెలిసొచ్చింది. తన చెయ్యి తానే నరుక్కోవాలనిపించింది అతనికి.

దిమ్మె ఇరవై టన్నులు. మూడు మోకులు, రాతిలో దిగ్గొట్టిన మూడు గుంజలు. ఒక్కో మోకు గుంజకి మూడు చుట్లు చుట్టి, కిందనుంచి కేక వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం వదలాలి. నడిమి గుంజ ఉబాల్దోది. బరువంతా దాని మీదే. అతని ముక్కు వాచి, కళ్ళు రెండూ నల్లబడి సన్నటి గీతల్లా మూసుకుపోయి ఉన్నాయి. అయినా గుంజ ఇంకొకరికి ఇవ్వలేదు, మొండిఘటం. దొరాందో అతనికి నాలుగడుగుల దూరంలో కూర్చుని గొడ్డలితో దుంగలు చెక్కుతున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సగం దూరం బాగానే దిగింది. మోకు తడిపే కూలీ నీళ్ళకని వెళ్ళాడు. కిందనుంచి "వదులు!" అని కేక వచ్చింది. ఉబాల్దో వదిలాడు. ఎండిన మోకులో ఒక మెలిక పడింది. కళ్ళు బాగుంటే చూసేవాడే. మెలిక అతని కుడి మణికట్టుని చుట్టుకుని, చేతిని గుంజకేసి లాక్కుపోయింది.

ఉబాల్దో వేసిన కేక మనిషి కేకలా లేదు. అరచెయ్యి మోకుకీ కర్రకీ మధ్య చితికింది, వేళ్ళు నిగడదన్నుకున్నాయి. కర్రని పట్టవలసిన మోకు ఎముక మీదా నెత్తుటి మీదా జారసాగింది. బెత్తెడు, మళ్ళీ బెత్తెడు. పక్క గుంజలవాళ్ళు అల్లంత దూరంలో తమ మోకులతో పెనుగులాడుతున్నారు. దుంగల రొదలో వాళ్ళకి ఏమీ వినపడదు. కింద ఎల్వియో దుంగ ఎత్తి పట్టుకుని దిమ్మెకి ఎదురుగా నిలబడి ఉన్నాడు. వెనక కొండ అంచు.

"కొయ్!" అని అరిచాడు ఉబాల్దో. "మోకు కొయ్ దొరాందో! నా చెయ్యి!"

"కింద మనుషులున్నారు!"

"కొయ్యరా! నీకు దణ్ణం పెడతా, మోకు కొయ్!"

దొరాందో గొడ్డలెత్తాడు. ఎత్తినవాడు ఒక్క క్షణం ఆగిపోయాడు. మూడు వందల ఏళ్ళుగా తన ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి అతనికి ఆ క్షణంలో తెలిసింది. ఆనాడు తన పూర్వీకుడు మోకుని ఊరికే కోయలేదు. కొయ్యమని ఎవరో బతిమాలారు. ఇలాగే, ఇంత దగ్గరగా, పేరు పెట్టి పిలిచి బతిమాలారు.

గొడ్డలి దిగింది. మోకు మీద కాదు, ఉబాల్దో మణికట్టు మీద. మొదటి దెబ్బకి ఎముక సగమే తెగింది. ఉబాల్దో నోరు తెరుచుకుని ఉండిపోయాడు. రెండో దెబ్బకి అతను వెనక్కి పడ్డాడు, చెయ్యి చుట్టల సందులోంచి జారి రాళ్ళ మీద పడింది. మోకు బుస్సున జారింది. దొరాందో గొడ్డలి పారేసి, కొస నడుముకి చుట్టుకుని, గుంజకి కాళ్ళు తన్ని వెల్లకిలా పడిపోయాడు. అరచేతుల చర్మం ఒలిచేసినట్టు ఊడి వచ్చింది, పక్కటెముక ఒకటి లోపల పుటుక్కుమంది. వదల్లేదు. "పట్టు, పట్టు, పట్టు" అని తనకు తానే చెప్పుకుంటున్నాడు, ఏడుస్తూ. కర్ర పొగలు కక్కింది. మోకు ఆగింది.

కింద దిమ్మె ఎల్వియో ఛాతీకి జానెడు దూరంలో నిలబడింది. వాడి చేతిలో దుంగ రెండు ముక్కలైంది. మేస్త్రీ పక్కన శంఖం పట్టుకున్న ముసలాయన దాన్ని పెదాల దాకా తెచ్చి, ఊదకుండా దించేశాడు. నీళ్ళకెళ్ళిన కూలీ పరుగున వచ్చి మోకు బిగించాక, దొరాందో పాకుతూ వెళ్ళి తన నడుం బెల్టుతో ఉబాల్దో మొండిచేతిని కట్టాడు.

పది రోజుల తర్వాత దొరాందో ఆసుపత్రికి వెళ్ళాడు. ఇసోలినా ఒక మూటలో రొట్టె, ఉప్పులో ఊరిన పందికొవ్వు కట్టి ఇచ్చింది. ఉబాల్దో మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు, ముక్కు వంకరగా అతుక్కుంది. దొరాందో చేతులకి కట్లతోనే చాకు తీసి, రొట్టె మీద కొవ్వు పరిచి, ఒంటిచేత్తో తినడానికి వీలుగా ముక్కలు చేసి పెట్టాడు. ఉబాల్దో ముట్టుకోలేదు.

"నేనేమని అరిచానో ఎవరన్నా విన్నారా?" అన్నాడు.

"నేను విన్నా."

"ఎవరికన్నా చెప్పావా?"

"లేదు."

"చెప్తావా?"

దొరాందో చాకు తుడుచుకున్నాడు.

"నా అభ్యంతరం ఎనక్కి తీసుకుంటాను," అన్నాడు ఉబాల్దో. "ఎడం చేత్తో ఏదో గీత గీస్తా. మార్చుకో నీ పేరు."

"మార్చుకోను."

"మరి ఏం కావాలిరా నీకు?"

"నీ గుంజ దగ్గర మావాడు నిలబడాలి. నువ్వే పిలవాలి, అందరి ముందూ, ఇంటిపేరు పెట్టి."

"మావోళ్ళు ఏడుగురూ..."

"ఏడుగురు. కోసినోడి పేరు మా నెత్తికెక్కింది, ఒప్పుకుంటా. ఆనాడు కొయ్యమని అరిచినోడి పేరేంటి? వాడు చెయ్యి మిగుల్చుకుని ఇంటికెళ్ళి నోరు మూసుకున్నాడు. వాడు ఏ పుస్తకంలోనూ లేడు."

"మావోడంటావా?"

"నాకేం తెలుసు? తినవయ్యా, మా ఇంటిది పొద్దున్నే లేచి కట్టింది."

ఉబాల్దో మొహం గోడవైపు తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. తర్వాత ఎడం చెయ్యి చాపి ఒక ముక్క తీసుకున్నాడు.

జూలైలో ఉబాల్దో కొండెక్కాడు, ఖాళీ చొక్కాచేతిని పిన్నీసుతో మడిచి. నడిమి గుంజ పక్కన నిలబడి, "ఎల్వియో తాల్యకానపో! మోకు పట్టు!" అని లోయ మారుమోగేలా పిలిచాడు. ఎల్వియో వెళ్ళి మోకు మీద చేతులు వేశాడు.

"ముందు ఎవరు మరి?" అన్నాడు మేస్త్రీ.

దొరాందో సబ్బు డబ్బా తీసుకున్నాడు. నలభై ఆరేళ్ళు, సగం చెవి, అతికీ అతకని ఎముకలు. ఒక్కడే దిగుతుంటే వెనక అడుగుల చప్పుడైంది. ఉబాల్దో కొడుకు క్వింతో, భుజాన దుంగ పెట్టుకుని వస్తున్నాడు. మూడు వందల ఏళ్ళలో ఒక పెల్లీచ దిమ్మె ముందుకి దిగడం అదే మొదలు. ఇద్దరూ పక్కపక్కన వంగి మొదటి దుంగ పరిచారు.

"దొరాందో మావా," అన్నాడు క్వింతో, తలెత్తకుండా. "ఆ రోజు మా నాయన ఏమని అరిచాడు? అడిగితే చెప్పడు. ఏడుస్తాడు."

దొరాందో పైకి చూశాడు. గుంజ దగ్గర తన కొడుకు, వాడి పక్కన చెయ్యి లేనివాడు, ఇద్దరూ కిందికే చూస్తున్నారు. ఆ మాట చెప్పేస్తే చాలు, సాయంత్రానికి ఊరంతా పెల్లీచలకి కొత్త పేరు పెట్టేస్తుంది. వాళ్ళ పిల్లలకీ, ఆ పిల్లల పిల్లలకీ అదే.

"పట్టుకోమన్నాడు," అన్నాడు దొరాందో. "సబ్బు పుయ్యి, దిమ్మె వస్తోంది."