మూడో అంతస్తు నది

"మూడు," అన్నాడు లిఫ్టు తాత. తలుపులు తెరుచుకున్నాయి. ఎవరూ దిగలేదు, ఎవరూ ఎక్కలేదు. ఎవరో పొరపాటున నొక్కి ఉంటారు. తాతకు మాత్రం అది లాభమే. మళ్ళీ తలుపులు మూసుకునేదాకా ఎదురుగోడ మీది బొమ్మను చూడవచ్చు.

బొమ్మంటే సగం బొమ్మే. కుడివైపు సగాన్ని వరండాలోని స్తంభం మింగేసింది. కనిపించే సగంలో పొగమంచు కప్పుకున్న కొండలు, వాటి నడుమ ఇరుకు లోయ, సాయంకాలపు ఎండకు బంగారంలా మెరిసే నది. ఒడ్డున కాలిబాట మీద కట్టెలమోపు ఎత్తుకున్న మనిషి, చిటికెనవేలి గోరంత. చీకటి పడేలోగా వాడు ఇల్లు చేరాలి. ఆ ఇల్లు స్తంభం వెనకే ఉండాలి. ఉందో లేదోననే తాత దిగులంతా.

రెండడుగులు వేస్తే తేలిపోయే సంగతి. ఒకసారి వేయబోయాడు కూడా. కాలు బయట పెట్టాడో లేదో పైనుంచీ కిందనుంచీ గంటలు మోగాయి. "లిఫ్టు వదిలావంటే ఉద్యోగం వదిలినట్టే!" అని మేనేజరు నలుగురిలో కడిగిపారేశాడు. ఆ తరవాత తాత పీట దిగలేదు. ఇంట్లోనూ అంతే. కోడలు మంచం ఏ మూలకు జరిపితే ఆ మూలే ఆయనది.

ఆ అంతస్తులోనే పనిచేసే టైపిస్టును అడిగాడు.

"అమ్మా, ఆ బొమ్మలో అటుపక్క ఇల్లేమన్నా ఉందా?"

"ఏ బొమ్మ తాతా?"

తాతకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మధ్యాహ్నం ఇద్దరు కూలీలు ఆ బొమ్మనే మోసుకొచ్చి లిఫ్టులో నిలబెట్టారు. గోడలకు కొత్త రంగులట, పాత సామాను వేరే ఊరి ఆఫీసుకట. చోటు చాలక వాళ్ళు మెట్లదారి పట్టారు.

"జాగ్రత్త తాతా, గీత పడిందంటే మా పని అయిపోయినట్టే."

తలుపులు మూసుకున్నాయి. రెండో అంతస్తు రాకముందే తాత ఎర్ర బొత్తాం నొక్కాడు. లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. తనకోసం దాన్ని ఆపడం అదే మొదటిసారి.

కుడివైపు ఇల్లు లేదు. గుడిసె కూడా లేదు. కొండలు పక్కకు తప్పుకున్నాయి, లోయ విప్పారింది. నది వెడల్పయి, వెలుగయి, చట్రం అంచుదాకా పోయింది. దాని వెంటే కాలిబాట కూడా. అయ్యో, వీడికి ఇల్లే లేదే అనుకున్నాడు తాత. మరుక్షణమే తట్టింది. ఎటైనా పోగలిగినవాడి మీదా తాను ఇన్నేళ్ళూ జాలిపడింది! ఆ గోరంత మనిషిని చూసి కుళ్ళుకున్నాడు. కళ్ళనీళ్ళు తిరిగాయి.

పైన గంటలు మోగుతున్నాయి. బొత్తాం లాగాడు, లిఫ్టు కిందికి దిగింది.

కింద తలుపు మూసుకోకుండా పీట అడ్డంపెట్టి, బొమ్మకు తానూ ఒక చెయ్యి వేశాడు.

"నీకెందుకు తాతా, మేం లేమూ?"

"పట్టుకోనీరా. ఒక్క మూలేగా."

గేటు దాటారు. వ్యానులో బొమ్మను ఎక్కించాక, తాత కూడా ఎక్కి దాని పక్కనే కూర్చున్నాడు.

"ఎందాకా?" అన్నాడు డ్రైవరు.

"పోనీ బాబూ. దారిలో చెప్తాలే."

వ్యాను మలుపు తిరిగిపోయింది. పైనుంచి ఎవరో గంట మీద గంట కొడుతున్నారు. లిఫ్టు తలుపులు మూసుకోబోయి, తగిలి, మళ్ళీ తెరుచుకుంటున్నాయి. వాటి మధ్య, కూర్చుని కూర్చుని మెత్త పల్లంపడిన తాత పీట.