పక్క సీటు బ్రేకు

టికెట్టు కొన్నవాళ్లెవరైనా సరదాకి నడిపే ఆ రేసు ట్రాకు మీది ఎర్ర కారుకు రెండు బ్రేకులు. ఒకటి నడిపేవాళ్ల కాలి కింద, రెండోది పక్కన కూర్చుని నేర్పే అమ్మాయి కాలి కింద. రెండోది ఎన్నిసార్లు పడిందో కారే గుర్తుపెట్టుకుని, చివర్లో కాగితం మీద అచ్చేసి మరీ చెబుతుంది.

కిందటి నెలలో ఇద్దరు ఫిర్యాదు చేశారు, తాము బాగానే నడుపుతుంటే ఈ అమ్మాయి ఊరికే బ్రేకు తొక్కేసిందని. మేనేజరు కసరలేదు, గొంతు పెంచలేదు. ఇంకొక్కసారి కాగితం మీద నీ బ్రేకు కనిపిస్తే టికెట్ల కిటికీ దగ్గర కూర్చుందువుగాని అన్నాడు, అంతే. ఈ సీటు కోసం ఆమె ఐదేళ్లు డ్రైవింగ్ స్కూలు డొక్కు కార్లలో ఒళ్లు హూనం చేసుకుంది.

ఆ ఉదయం వచ్చినాయన రిటైరైన బస్సు డ్రైవరు. ముప్పై రెండేళ్లు ఒకటే రూటు. పుట్టినరోజని కూతురూ అల్లుడూ ఈ మూడు చుట్లు కొనిచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, హెల్మెట్‌ను రెండు చేతులా పట్టుకుని, పరీక్షకొచ్చిన పిల్లాడిలా నిలబడ్డాడు. మావయ్యగారు స్టాపు స్టాపుకీ ఆపకుండా చూడమని అల్లుడు గోడ అవతలి నుంచి అమ్మాయికి అప్పగింతలు పెట్టాడు. కూతురు అతన్ని మోచేత్తో పొడిచింది.

బస్సులోకి ఎక్కి కూర్చునే మనిషి ఇక్కడ కిందికి దిగి కూర్చోవాల్సి వచ్చింది. దానికే రెండు నిమిషాలు పట్టింది. తర్వాత ఆయన చెయ్యి గేరు రాడ్డు కోసం గాల్లో తడుముకుంది. గేర్లు స్టీరింగు వెనకున్న మీటలతో మారతాయని ఆమె చూపిస్తే, ఇంత ఖరీదు పెట్టినవాళ్లకి ఒక రాడ్డు బిగించడానికి చేతులు రాలేదా అని ఆశ్చర్యపోయాడు.

ఇంజను మోగింది. పచ్చలైటు పడింది. కారు మాత్రం కదల్లేదు.

"వెళ్లొచ్చు సర్," అంది ఆమె.

"అలా కాదమ్మా. రైటు చెప్పు."

అప్పుడు చెప్పుకొచ్చాడు. బస్సు కదలాలంటే కండక్టరు 'రైట్ రైట్' అంటాడు, ఆపాలంటే 'హోల్డాన్' అంటాడు. ఇన్నేళ్లూ తన కాలు తన మాట కాదు, వెనకనుంచి వచ్చే ఆ గొంతు మాటే విన్నది. పచ్చలైటుకీ దానికీ చుట్టరికం లేదట.

ఆమె నవ్వాపుకుని "రైట్ రైట్" అంది. కారు వెన్నలా కదిలింది.

మొదటి చుట్టంతా ఆయన మలుపు ఇంకా ఆమడదూరం ఉండగానే బ్రేకు మీద కాలేశాడు. ఎంత మెత్తగా అంటే, ఒళ్లో నిండు నీళ్ల గ్లాసున్నా తొణకదు. ఇలాంటి చేతి పక్కన తన బ్రేకుతో పనేముందని ఆమె కాళ్లు వెనక్కి లాక్కుని కూర్చుంది. రెండో చుట్టుకి కాస్త ధైర్యం వచ్చింది. మూడో చుట్టులో తిన్నని దారి రాగానే పూర్తిగా తొక్కమంది ఆమె.

తొక్కాడు. వీపులు సీట్లకి అతుక్కుపోయాయి. ఆయన గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే, అలవాటు కొద్దీ, తలెత్తి అద్దంలోకి చూశాడు. అందులో సీట్లు లేవు, కడ్డీ పట్టుకుని వేలాడే మనుషులు లేరు. ఆ ఖాళీలోకి చూస్తూ ఉండిపోయాడు.

బ్రేకు వెయ్యమనే మొదటి బోర్డు వెనక్కి పోయింది. రెండోదీ వచ్చేస్తోంది.

ఆమె కాలు తన బ్రేకు మీదికి వెళ్లింది. కాగితం గుర్తొచ్చింది, కిటికీ గుర్తొచ్చింది. పోతే పోయిందిలే అనుకుంది. కానీ కాలికంటే నోరు ముందు కదిలింది.

"హోల్డాన్!"

ఆయన తలకి తెలిసేలోపే కాలికి తెలిసింది. కారు ముక్కు వంచి, వేగం దింపుకుని, బుద్ధిగా మలుపు తిరిగింది.

సగం చుట్టు దాటాక ఆయన వేగం ఇంకాస్త తగ్గించాడు.

"నిలబడ్డవాళ్లు ఎవరైనా పడ్డారేమోనని చూశానమ్మా," అన్నాడు.

"ఎవరూ పడలేదు బాబాయ్."

కారాపాక, హెల్మెట్ తీసి ఆమె చేతికిచ్చి, మా కండక్టరు గొంతు ఇంతకంటే బొంగురు అని చెప్పి కూతురి దగ్గరికి నడిచాడు. అల్లుడు ఏదో మేలమాడబోతే ఈసారి ఆయనే అతని వీపు తట్టాడు.

కాగితం చేతబట్టుకుని మేనేజరు వచ్చాడు. ఆమె బ్రేకు గడిలో సున్నా ఉంది. గోడ దగ్గర్నుంచి అంతా చూశానని, రెండో బోర్డు దాకా వచ్చినా కాలు ఆపుకున్నావంటే ఊరికే బ్రేకు తొక్కించే ఆ భయం పోయినట్టేనా అని అడిగాడు. అవునంటే సరిపోయేది.

"ఆపుకోలేదండి. అప్పటికే కాలు బ్రేకు మీద ఉంది. ఇంకో క్షణం ఆయన తొక్కకపోతే నేనే తొక్కేదాన్ని. రేపైనా అంతే."

మేనేజరు ఆ సున్నావంక చూశాడు, రెండో బోర్డు వంక చూశాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"పెద్ద సైజు హెల్మెట్ తియ్యి," అన్నాడు. "నీకు తర్వాత వచ్చేవాడి తల గుమ్మడికాయంత ఉంది."