జారిపోయిన వాక్యం

అలాంటి పుస్తకాలు ముట్టుకోకూడదని పాస్టరైన మావారు ప్రతి ఆదివారం చర్చిలో చెబుతారు కాబట్టి, ఆ నవలని ఆయన తరఫున నేనే చదివిపెట్టాల్సి వచ్చింది. కుక్కర్ కూతల మధ్య కొంత, బట్టలు మడతపెడుతూ కొంత, ప్రెస్సుకెళ్ళే బస్సులో కొంత. నాలుగు వందల పేజీలు. ఒక పాత గోడలో తోలు మీద రాసిన గ్రంథపు చుట్ట దొరుకుతుంది, దానికోసం హత్యలు జరుగుతాయి. చివరికి తేలేదేమిటంటే, బైబిలుని ఎవరికి తోచినట్టు వాళ్ళు మార్చుకుంటూ వచ్చారనీ, యేసు వెంట నడిచిన ఆడవాళ్ళ పేర్లు మగవాళ్ళంతా కలిసి కొట్టిపారేశారనీ. నిజం చెప్పొద్దూ, కథ మాత్రం పరుగులు పెట్టించింది. ఆ మాటే మావారితో అంటే, "మెచ్చుకోమని ఇచ్చానా? జవాబు రాయమని ఇచ్చాను," అన్నారు.

అవును, జవాబులు రాసేది నేనే. "నీకు ప్రూఫులు దిద్దే అలవాటుంది కదా, నా ప్రసంగం కాస్త సరిచెయ్యి," అని పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టారు. సరిచెయ్యడం కాస్తా రాయడమై కూర్చుంది. పద్దెనిమిదేళ్ళయింది. "అయ్యగారు ఎంత చదువుతారో!" అని చర్చిలో జనం అంటుంటే అత్తయ్య పొంగిపోతుంది. అదే ప్రసంగం నేను వంటింటి బల్ల మీద రాస్తూ కూర్చుంటే, "ఆ కాగితాలు ఎక్కడికీ పోవు గానీ ముందు వాడికి టీ ఇవ్వు," అంటుంది. ఒళ్ళు మండేది. అయినా లేచి టీ పెట్టేదాన్ని. ఎందుకు పెట్టేదాన్నో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం.

ఈసారి మాత్రం మనసుపెట్టి రాశాను. మావారి కోసం కాదు, నర్సింగు చదివే ఒక పిల్ల కోసం. నా సండేస్కూల్లో చిన్నప్పట్నుంచీ పెరిగిన పిల్ల. ఆ నవల చదివిన దగ్గర్నుంచి చర్చికి రావడం మానేసింది. "టీచర్, మీరు మాకు చెప్పినవన్నీ ఎవరో దిద్దేసిన కథలేనా?" అని ఫోనులో ఏడ్చింది. దిద్దడం గురించి నాకా చెప్పడం! మా ప్రెస్సులో ఒకరు అసలు ప్రతిని పైకి చదువుతుంటే, ఇంకొకరు అచ్చయిన కాగితం మీద వేలుపెట్టి చూసుకుంటూ పోతాం. మనిషి చేత్తో రాసినదాంట్లో తప్పులు రాక మానవు. రెండు వాక్యాలు ఒకే మాటతో ముగిశాయనుకోండి, కన్ను మొదటిదాన్నుంచి రెండోదాని మీదికి జారిపోతుంది. మధ్యలోది గల్లంతు. ఒక్కటే ప్రతి ఉంటే ఆ తప్పు ఎప్పటికీ బయటపడదు. పది ప్రతులుంటే ఇట్టే దొరుకుతుంది, ఎందుకంటే పదిమంది కళ్ళూ ఒకేచోట జారవు. సువార్తల చేతిరాత ప్రతులు వేలల్లో ఉన్నాయి. ఎక్కడెక్కడో ఎవరెవరో రాసుకున్నవాటిని అన్నిటినీ చాటుగా ఒకేలా మార్చడం ఏ రాజు తరమూ కాదు. ఇదంతా రాసి, ఆదివారం పొద్దున ఇస్త్రీ చేసిన చొక్కాతో పాటు ఆయన చేతికిచ్చాను.

ఈ ఒక్కసారికీ రమ్మని బతిమాలితే ఆ పిల్ల వచ్చింది. చివరి బెంచీలో, ఎప్పుడైనా లేచి వెళ్ళిపోయేలా బ్యాగు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. మావారు బాగానే చదువుతున్నారు, గొంతుకేం లోటు లేదు. మూడో పేజీలో నేనిలా రాశాను: ఖాళీ సమాధిని మొదట చూసింది ఆడవాళ్ళు. కథ కల్పించేవాడెవడూ అలాంటి సాక్షుల్ని పెట్టుకోడు, ఎందుకంటే ఆ రోజుల్లో న్యాయస్థానాల్లో సాక్ష్యానికి పనికిరానివాళ్ళు ఆడవాళ్ళు. శిష్యులు కూడా మొదట వాళ్ళ మాట నమ్మలేదు.

ఆయన ఇలా చదివారు. "ఖాళీ సమాధిని మొదట చూసింది ఆడవాళ్ళు. శిష్యులు కూడా మొదట వాళ్ళ మాట నమ్మలేదు." జారింది కన్ను. జారితే జారింది, ఊరుకోవచ్చుగా. తలెత్తి నవ్వుతూ, "ఆడవాళ్ళ మాట అప్పుడు కూడా అంతేనన్నమాట!" అన్నారు. మగవాళ్ళ బెంచీలన్నీ గొల్లుమన్నాయి. మా వైపు కూడా కొందరు నవ్వారు.

ఆ పిల్ల లేచి నిలబడింది. "అంటే ఆ నవలలో ఉన్నది నిజమేగా అయ్యగారూ? ఆడవాళ్ళని పక్కన పెట్టేశారనేగా మీరూ అంటున్నది?"

మావారు కాగితాలు అటూ ఇటూ తిప్పారు. తర్వాత, ఇంట్లో సాక్సులు కనబడనప్పుడు చూస్తారే, అలా నా వైపు చూశారు. మా చర్చిలో ఆడవాళ్ళు పాడొచ్చు, ఊడవొచ్చు, ప్రసంగం మధ్యలో నోరు విప్పకూడదు. ఆ పిల్ల బ్యాగు భుజానికి తగిలించుకుంటోంది. ఇప్పుడు ఊరుకుంటే ఆ పిల్ల మళ్ళీ రాదు. లేచాను.

"కాస్త ఆగమ్మా. అయ్యగారు చదువుతుంటే ఒక వాక్యం జారిపోయింది. అసలు ప్రతి నేను రాశాను కాబట్టి ఏది జారిందో చెప్పగలను." అత్తయ్య నా చీర పట్టుకుని లాగింది. నేను కూర్చోలేదు. పోయిన వాక్యం చెప్పాను. "శిష్యులు వాళ్ళవి వెర్రిమాటలని తోసిపుచ్చిన సంగతి కూడా సువార్తలో ఉంది. శిష్యులకి అదేం గొప్ప కాదు. దిద్దేవాళ్ళయితే ముందు అదే కొట్టేసేవాళ్ళు. కొట్టలేదు. ఆ ఆడవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి, ఇంటికెళ్ళి చూసుకో."

ఆ పిల్ల బ్యాగు తీసి పక్కన పెట్టుకుని కూర్చుంది.

ఇంటికొచ్చాక అత్తయ్య తనే కొడుక్కి టీ పెట్టి ఇచ్చింది. మావారు భోజనం అయ్యేదాకా ఆగి, "నలుగురిలో నా పరువు తీశావు," అన్నారు. కాసేపటికి ఆయనే, "చివర్లో చెప్పింది బాగుందిలే. ఈ ప్రసంగంతో మనం వేసే చిన్న పుస్తకంలో అది కూడా కలిపెయ్. నేనే చెప్పినట్టు రాయి," అన్నారు. ఆయన అందులో తప్పేమీ చూడలేదు. పాపం, ఇన్నేళ్ళూ నేనెప్పుడు చూపించాను గనక.

కంప్యూటరు ముందు కూర్చుని, ఆ పుస్తకం మొదటి పేజీలో ఆయన పేరున్న చోట నా పేరు టైపు చేశాను. వెనక నిలబడి చూస్తున్న మావారు, "ఇదేంటి?" అన్నారు.

"ఆడవాళ్ళ పేర్లు కొట్టేశారని ఆ నవల వేసిన నింద అబద్ధమని చర్చిలో చెప్పి వచ్చానండీ," అన్నాను. "మనింట్లో దాన్ని నిజం చెయ్యను."