గీత కింద మాట

సాయిప్రియకు కోపం ముదిరితే నవ్వొస్తుంది. అది వాళ్లమ్మ అమ్మాజీ పోలిక. ఆ రోజు తొమ్మిదో తరగతి వ్యాసాల పుస్తకాలు ముందేసుకుని స్టాఫ్‌రూమ్‌లో ఒక్కతే నవ్వుతుంటే, లెక్కల మేడం తలుపు దగ్గరే ఆగి, ఎందుకొచ్చిన గొడవని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

నవ్వక ఏం చేస్తుంది? వానాకాలం మీద వ్యాసం రాయమంది. రాయడం అయ్యాక అడుగున ఒక గీత గీసి, ఆ గీత కింద ఎలా రాశారో, ఎక్కడ కలం ఆగిపోయిందో, ఏది సొంతమో ఏది అరువో ఉన్నదున్నట్టు రాయమంది. పిల్లలు బుద్ధిమంతులు. అందరూ గీత గీశారు, స్కేలు పెట్టి మరీ. అందరూ దాని కింద ఒకే ముక్క రాశారు. "నేను ఈ వ్యాసమును చక్కగా రాసితిని. ఇకముందు ఇంకను చక్కగా రాయుటకు కృషి చేసెదను." క్లాస్ ఫస్ట్ ఇషిత ముందుగా రాసిందట. అది బెంచీ బెంచీ దాటుకుంటూ చివరి వరుస దాకా వెళ్లిందట. తమ గురించి తాము రాసుకోమంటే దాన్ని కూడా చూచిరాసే పిల్లల్ని ఆమె అంతవరకు ఎరగదు.

నవ్వు అయిపోయాక దిగులు పట్టుకుంది. మేడ్చల్ హైవే పక్కన ఆమె పనిచేసే ప్రైవేటు బడిని నడిపేది పరమేశ్ గారు. చెడ్డవాడు కాదు, ఫీజులు కట్టేవాళ్ల మాట కాదనలేనివాడు. మొన్ననే పిలిచి చెప్పాడు. "మేడం, పేరెంట్స్ అందరు ఫౌండేషన్ మ్యాథ్స్ పెంచమంటున్నరు. వచ్చే నెల మీటింగ్ ఉంది. గీ వ్యాసాల పీరియడ్‌తోని పిల్లలకు ఏం ఫాయిదా ఉన్నదో అప్పుడు చూపియ్యిండ్రి. లేకుంటే ఆ పీరియడ్ మ్యాథ్స్‌కు ఇచ్చేద్దాం."

వారానికి ఒక్కటంటే ఒక్క పీరియడ్. అది పోతే తెలుగు అంటే ప్రశ్నలు, జవాబులు, బిట్లు. సాయిప్రియ తెలుగు టీచరైంది అందుకు కాదు. ఆమె టీచరైంది జనార్ధన్ సారు వల్ల.

తండ్రి పట్టాభిరామయ్య గారికి జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో ఉద్యోగం వస్తే భీమవరం నుంచి ఇక్కడికొచ్చారు. ఆమెను మేడ్చల్ సర్కారు బడిలో ఏడో తరగతిలో చేర్చారు. కొత్త ఊరు, కొత్త యాస, నోరు విప్పాలంటే భయం. ఆ భయం మీద మొదట చెయ్యి వేసింది జనార్ధన్ సారు గీత. ఎవరేం రాసినా సారు అడుగున గీత గీయించేవాడు. గీత పైన రాసింది బడికి, కింద రాసింది మనకు అనేవాడు. పైన వచ్చిన మార్కులు ఇప్పుడామెకు ఒక్కటీ గుర్తు లేవు. కింద రాసినవి మాత్రం గుర్తున్నాయి. "సార్, నాకిక్కడ స్నేహితులు లేరండి. అందుకే స్నేహం మీద వ్యాసం చిన్నదైపోయిందండి" అని రాస్తే, దాని కిందే ఆకుపచ్చ సిరాతో సారు జవాబు రాశాడు. "లేరన్న సంగతే రాయి బిడ్డా. పెద్దదైతది." నిజంగానే పెద్దదైంది. ఆ వ్యాసం క్లాసులో చదివించాడు, ఆ మధ్యాహ్నమే ఇద్దరు ఆడపిల్లలు వచ్చి ఆమె పక్కన టిఫిన్ డబ్బా విప్పారు.

ఆదివారం ఉండబట్టలేక శామీర్‌పేటలోని సారు ఇంటికి వెళ్లింది. సారు వాకిట్లో కుర్చీ వేసుకుని మక్కకంకులు ఒలుస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది, గొంతు మాత్రం అదే.

"ఏంది బిడ్డా, ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా? కూసో. సల్ల తాగుతవా?"

మజ్జిగ తాగి తన గోడు వెళ్లబోసుకుంది. పిల్లలు గీత కింద కూడా అబద్ధమే రాస్తున్నారని, కాపీ కొడుతున్నారని, ఈ కాలం పిల్లలే అంత అని. సారు చేతిలో కంకి పూర్తిగా ఒలిచి పక్కన పెట్టాడు.

"అంతా మంచిగనే ఉంది. మరి నువ్వేం రాసినవ్, గీత కింద?"

"నేనా సార్?"

"బోర్డు మర్సిపోయినవా?"

మరిచిపోయింది. అన్నీ గుర్తుంచుకుని అసలుది మరిచిపోయింది. శనివారం చివరి పీరియడ్‌లో సారు నల్లబల్ల అడుగున సుద్దతో ఒక గీత గీసి, దాని కింద తన గురించి తాను రాసేవాడు. "ఈ వారం పద్యం చెప్పుడు తక్కువ, పాడుడు ఎక్కువైంది. మీకు అర్థం కాలే. సోమవారం మళ్ల చెప్త." "నిన్న పరేషాన్‌ల ఉండి మీ మీద ఒర్రిన. తప్పు మీది కాదు." పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. అదొక తమాషా అనుకున్నారే తప్ప, తమ చేత నిజం రాయించింది ఆ తమాషాయేనని ఒక్కరికీ తట్టలేదు.

"టీచర్ ముందుగాల రాయాలె బిడ్డా. పిలగాండ్లు సూసి రాస్తరంటివి గద. మరి నిన్ను సూసి రాయనియ్యి," అన్నాడు సారు, ఇంకో కంకి అందుకుంటూ.

మరుసటి పీరియడ్‌లో సాయిప్రియ బోర్డు అడుగున గీత గీసింది. "మీ వ్యాసాలు టీవీ చూస్తూ దిద్దాను. గుండ్రని దస్తూరీ కనిపిస్తే మార్కులు వేశాను. మీరు రాసినవి గైడులో మాటలని తెలిసీ వేశాను, దిద్దడం తేలికని. ఒక వ్యాసం సొంతంగా రాయమంటే మొదటి వాక్యం దగ్గర నాకూ భయమే."

వెనక నుంచి ఎవరో అడిగారు. "మేడం, గిది నోట్స్‌ల ఎక్కించుకోవాల్నా?"

"వద్దు. చదివితే చాలు," అంది. ఒక మాట కూడా ఇచ్చింది. "ఇకమీద ఈ పుస్తకాలు నేను, మీరు తప్ప ఇంకెవరూ చూడరు."

పుస్తకాలు తిరిగిచ్చి గీత కింద మళ్లీ రాయమంటే, మొదట కదిలింది ఇషితే. "మొదటి వాక్యం ప్రతిసారి మా అక్క చెప్తుంది. మిగతాది నేనే" అని రాసింది. హరీష్ అని దేవరయాంజాల్ పిల్లవాడు. తండ్రి రాఘవేందర్‌కు ప్లాట్ల వ్యాపారం, ఊళ్లో పలుకుబడి. వాడి వానాకాలం వ్యాసంలో పచ్చని పొలాలు, ఆనందంతో నాగలి పట్టిన రైతులు. గీత కింద ఇప్పుడు కొత్తగా రాశాడు. "మా దగ్గర పొలాల్లేవు, ప్లాట్లున్నయి. వాన పడితే హద్దురాళ్లు మునుగుతయి. బాపు పరేషాన్ అయితడు. ఇది వ్యాసంల రాయొచ్చో లేదో తెల్వలే."

"రాయొచ్చు," అని సాయిప్రియ ఆకుపచ్చ సిరాతో రాసింది. రెండు వారాల తరువాత వాడు మళ్లీ రాసి తెచ్చాడు. ప్లాటు కొనడానికి కారులో వచ్చినవాళ్లు గట్టు మీద నిలబడ్డారు. బాపు నీళ్ల వైపు చెయ్యి చూపిస్తూ, తూర్పు ముఖం ప్లాటు అదేనని చెబుతున్నాడు. నీళ్లలో ఒక కొంగ నిలబడి ఉంది, సరిగ్గా వాళ్ల ప్లాటు నడిమధ్య. చదివి సాయిప్రియ స్టాఫ్‌రూమ్‌లో మళ్లీ ఒక్కతే నవ్వింది. ఈసారి కోపంతో కాదు.

మీటింగ్ రోజు రానే వచ్చింది. తల్లిదండ్రులు వస్తూనే గుమ్మం దగ్గర అభిప్రాయాల కాగితాలు నింపారు. పక్కవాళ్లు ఏం రాశారో తొంగి చూసి, అదే రాసి లోపలికొచ్చారు. పిల్లలు గోడవారగా నిలబడ్డారు. పరమేశ్ గారు బల్ల మీద పుస్తకాల దొంతర చూపించి, "మేడం, ఫాయిదా ఏందో గా పుస్తకాలు అందరికి ఒకసారి సూపియ్యిండ్రి," అన్నాడు.

అన్నిటికంటే పైన హరీష్ పుస్తకమే ఉంది. ముందు వరుసలో రాఘవేందర్ ఫోన్ చూసుకుంటున్నాడు. గోడ దగ్గర హరీష్ మొహంలో నెత్తుటిచుక్క లేదు. ఇంతకన్నా మంచి సాక్ష్యం ఆమెకు జన్మలో దొరకదు. ఆ కొంగ ఒక్కటి చాలు, పీరియడ్ నిలబడుతుంది. కానీ పిల్లవాడు మళ్లీ గీత కింద నిజం రాయడు.

సాయిప్రియ దొంతర మీద చెయ్యి పెట్టింది.

"ఇవి చూపించలేనండి. ఎవరికీ చూపించనని పిల్లలకు మాటిచ్చాను. కావాలంటే గీత కింద నేను రాసుకున్నది చదువుతాను."

ఆ రోజు బోర్డు మీద రాసి, తన పుస్తకంలో ఎక్కించుకున్నదంతా చదివింది, టీవీ సంగతితో సహా. ఎవరో కిసుక్కున నవ్వారు. పరమేశ్ గారు నుదురు రుద్దుకున్నాడు. ఇక అయిపోయిందనుకుంది సాయిప్రియ.

"జనార్ధన్ సారు తాన సదివినవా మేడం?" అన్నాడు రాఘవేందర్, తలెత్తి.

"అవునండి."

"నేను గూడ. నీకన్న మస్తు ముందు." ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. "సారు గీత కింద నేను మస్తు రాస్తుంటి," అని మాత్రం అని ఊరుకున్నాడు.

"సరే, కాయితాలు సూసి డిసైడ్ చేద్దాం," అని పరమేశ్ గారు మీటింగ్ ముగించాడు. ఆ కాగితాల్లో ఏముందో సాయిప్రియకు తెలుసు. పుస్తకాలు సర్దుకుంది. తొమ్మిదో తరగతికి ఏమని చెప్పాలా అని ఆలోచిస్తూ చాలాసేపు అక్కడే కూర్చుంది.

అందరూ వెళ్లాక పరమేశ్ గారు ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. "రాఘవేందర్ పోతపోత తన కాయితం వాపస్ అడిగి తీస్కున్నడు. ఇంకేందో రాసి పోయిండు. ఈ గీతేంది మేడం?"

కాగితం పైన అందరూ రాసిన ముక్కే ఉంది. "మ్యాథ్స్ పెంచాలి." దాని కింద ఒక గీత, స్కేలు లేకుండా, వంకరగా. గీత కింద ఇలా ఉంది.

"పైన రాసింది పక్కాయనది సూసి రాసిన. అది కొట్టెయ్యిండ్రి. నా పిలగాడు ఏం రాస్తడో నేను ఎన్నడు అడగలే. మేడం పుస్తకం సూపియ్యనందుకు మంచిగ అనిపించింది. ఇంటికి పోయి వాన్నే అడుగుత. చెప్తడో చెప్పడో."

సాయిప్రియ రెండుసార్లు చదివింది. అక్షరాలు మసకబారితే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆయన మాట కాదని నేనేం జేస్త. మీ పీరియడ్ మీరే తీస్కోండ్రి," అన్నాడు పరమేశ్ గారు.

ఆమె సంచీలో నుంచి ఆకుపచ్చ పెన్ను తీసి, రాఘవేందర్ రాసిన దాని కిందే రాసింది.

"చెప్తాడండి. ముందు మీరు ఒకటి చెప్పండి."