ఒక్తావ్ ఎడమకన్ను

మా బండి ఎంత వడిగా పోయేదంటే, పొద్దున్నే పారిస్‌లో బయల్దేరితే మా నీడ మధ్యాహ్నం భోజనాల వేళకి గానీ మమ్మల్ని అందుకునేది కాదు. నవ్వండి, నవ్వండి. నలభై ఏళ్ళుగా నా కోతలకి ఈ ఊరు నవ్వుతూనే ఉంది. ఒక్క కోత మాత్రం ఒక మనిషి నమ్మాడు. అది చెప్తాను.

ఒక్తావ్ బ్రిసార్ మోటారు పందేల డ్రైవరు. అంతకుముందు సైకిల్ పందేల్లో పేరు మోసినవాడు. నేను, అంటే ఈ నార్సిస్‌గాడు, కొలిమి వదిలి అతని దగ్గర మెకానిక్కుగా చేరాను. డ్రైవరు కుడిపక్క కూర్చుంటే మెకానిక్కు ఎడమపక్క. చేత్తో నూనె పంపు కొట్టడం, టైరు పేలితే దూకి మార్చడం నా పని. మూడేళ్ళలో నాలుగు పందేలు గెలిచాం.

అయిదోదాంట్లో ముందు బండి చక్రం కింద నుంచి రాయి ఎగిరొచ్చి, ఒక్తావ్ కళ్ళద్దం పగలగొట్టి ఎడమకంట్లో దిగింది. కన్ను పైకి బాగానే నయమైంది. చూపు పోయింది. ఆ సంగతి డాక్టరుకీ, నాకూ, అతని భార్య లెయొంతీన్‌కీ తప్ప ఎవరికీ తెలీదు. కంపెనీవాళ్ళకి తెలిస్తే ఆ పూటే బండి ఇంకొకడి చేతికిచ్చేస్తారు.

"మా పుట్టింటి ద్రాక్షతోట ఉందిగా, పోదాం రా," అంది లెయొంతీన్.

"తీగలు కత్తిరించే చెయ్యా ఇది?" అన్నాడు ఒక్తావ్. "ఒరే నార్సిస్, ఎడమపక్క కూర్చునేది నువ్వేగా. ఇకనుంచి నా ఎడమకన్ను నువ్వే."

"నాకు మెల్ల ఉంది కదన్నా!"

"మరీ మంచిది. ఒక దారి తప్పినా రెండోది కనపడుద్ది."

లెయొంతీన్ నవ్వలేదు. "మరిదీ, నీ నోట్లోంచి నిజం ఎప్పుడొస్తుందో నాకు తెలీదు. దారి విషయంలో మాత్రం కోతలు కొయ్యకు."

"ఒట్టు వదినా," అన్నాను.

ఇంజను హోరులో మాట వినపడదు. అందుకని గుర్తులు పెట్టుకున్నాం. భుజం మీద ఒక దెబ్బ అంటే ఎడమ మలుపు, రెండంటే కుడి, వీపు మీద అరచెయ్యి అదిమిపెడితే తిన్నగా దూకించు. ముందు బండి దుమ్ములో దారే కనపడేది కాదు. దుమ్ముకి పైన పోప్లార్ చెట్ల కొసలు మాత్రం కనపడేవి. దారికి రెండు పక్కలా ఆ చెట్లే కాబట్టి, కొసల మధ్య ఆకాశం ఎటు పోతే బండి అటు. మలుపుల దగ్గర జెండావాళ్ళు నిలబడేవాళ్ళు గానీ, ఆ దుమ్ములో పక్కకొస్తే గానీ కనపడరు; అందరూ చెట్లని చూసే నడిపేవాళ్ళు. చెట్లు దారిని ఎక్కడ వదిలేస్తాయో ముందే తెలియాలి, అందుకే పందానికి వారం ముందు మెకానిక్కులు సైకిలు మీద దారంతా చూసి రావడం అలవాటు.

ఆ ఏడు బోర్దో పందెం దారి చూడ్డానికి నేనూ వెళ్ళాను. మూడోరోజు ఇంకో ఎనిమిది కిలోమీటర్లు ఉందనగా, ఎండకి తాళలేక ఒక దుకాణం దగ్గర ఆగాను. బేరిపళ్ళ సారా ఒక్క గ్లాసు, అంతే. మోటారు పందెంవాణ్ణని తెలిసి రైతులు చుట్టూ చేరారు. ఇంకేముంది, మా బండి విసురుకి ఒక పాదిరీగారి టోపీ లేచిపోయి పక్క ఊరి పాదిరీగారి నెత్తిన వాలిన వైనం ఎత్తుకున్నాను. అది అయ్యేసరికి పొద్దు వాలింది. అక్కణ్ణుంచే రైలెక్కి వచ్చేశాను.

"ఆ చివరి ముక్క ఎలా ఉందిరా?" అడిగాడు ఒక్తావ్.

"దారం లాగినట్టుందన్నా. కళ్ళు మూసుకుని పోవచ్చు."

"ఒక కన్ను మూసే ఉంది," అని నవ్వాడు.

పందెంలో అక్కడికొచ్చేసరికి మేం రెండో బండి. మొదటి బండి దుమ్ములో మునిగి ఉన్నాం. తలెత్తి చూస్తే పోప్లార్ కొసలు బారులు తీరి తిన్నగా పోతున్నాయి. అతని వీపు మీద అరచెయ్యి అదిమిపెట్టాను. బండి దూకింది.

చెట్లు తిన్నగా ఏదో దొరగారి బంగళాకి పోయాయి. దారి కుడికి తిరిగింది. బంగళా గేటు రాతిస్తంభం మాత్రం ఎటూ కదల్లేదు.

నేను గడ్డిలో పడ్డాను, పక్కటెముకలు విరిగాయి. ఒక్తావ్ బండి కింద ఉన్నాడు. పాకుతూ వెళ్ళాను.

"మలుపు దగ్గర జెండావాడు ఎటుపక్క ఉన్నాడ్రా?"

"ఎడమపక్కన్నా."

"నా గుడ్డిపక్క." రక్తం ఉమ్మాడు. "నువ్వు దెబ్బలు కొట్టే ఉంటావు, నాకే తెలిసుండదు. నా తప్పేరా. నిన్ను కూడా చంపబోయాను."

నేను నోరు తెరవలేదు. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదలు. అది అయ్యేలోపే అతను పోయాడు.

కన్ను సంగతి డాక్టరు బయటపెట్టాడు. ఒంటికన్నుతో జనాన్ని మోసం చేశాడని పేపర్లు రాశాయి. పాదిరీ తప్ప చావుకి పెద్దమనిషన్నవాడు రాలేదు. లెయొంతీన్ నా మంచం దగ్గరికొచ్చి, "ఆయన నీ ప్రాణం మీదికి కూడా తెచ్చాడు మరిదీ, మనసులో పెట్టుకోకు," అంది.

ఆమె బతికున్నన్నాళ్ళూ ఆదివారం ఆదివారం నన్ను భోజనానికి పిలిచేది. కుందేలు కూర మంచి ముక్కలు ఏరి నా పళ్ళెంలోనే వేసేది.

"తిను. నువ్వు మాత్రం ఏం చేస్తావు పాపం," అనేది.

తినేవాణ్ణి.