యాత్ర లేని ఏడాది లెక్క

ఫ్యూజు క్యారియర్‌లో చీమలు కాపురం పెట్టాయి. తవిటయ్య స్టూలు మీద నిలబడి, అరిగిపోయిన పళ్ళ బ్రష్షుతో వాటిని దులుపుతున్నాడు. బోర్డు మీద ఎనిమిది చిన్న మీటర్లు, వాటి పైన ఒక పెద్ద మీటరు. బరంపురం గోసాని నువాగాంలో శ్యామసుందరరావుగారి తండ్రి కట్టించిన లైను ఇళ్ళు ఎనిమిది. ఎనిమిదింటికీ కలిపి కరెంటువాళ్ళు ఇచ్చిన మీటరు ఆ పెద్దదొక్కటే. కిందివన్నీ తవిటయ్య బిగించినవి. ఆ బోర్డుని చూసి ఒకసారి ఒక బల్లి గుండాగి పడిపోయిందని వీధిలో చెప్పుకుంటారు. గుండె సంగతి అబద్ధం కావచ్చు గాని, బల్లి పడటం మాత్రం నిజం.

తవిటయ్యది చూసిన వెంటనే మరిచిపోవడానికి అనువైన మొహం. ముప్పై ఏళ్ళుగా సరుకులిచ్చే కొట్టువాడు ఇప్పటికీ "కొత్తగా వచ్చారా?" అని అడుగుతాడు. దండెం మీద ఆరేసినట్టు భుజాల మీద వేలాడే ఖాకీ చొక్కా, నిప్పురవ్వలు తగిలి తగిలి గోళ్ళు నల్లబడిన చేతివేళ్ళు, కొంచెం ముందుకు వంగిన మెడ. ఎడమ చెవి వినిపించదు. దాన్ని సూరత్‌లో వదిలేసి వచ్చాడు.

పుట్టింది రామయ్యపట్నంలో, జాలరుల ఇంట్లో. పడవెక్కితే కక్కేవాడు. ఒడ్డున నిలబడి అలల్ని చూసినా కక్కేవాడు. ఇంట్లో చేపల పులుసు కుతకుతలాడితే ఆ ఊపుకే కడుపులో తిప్పి బయటికి పరిగెత్తేవాడని చెల్లెలు కాసమ్మ చెబుతుంది. సముద్రానికి పనికిరానివాడు ఇంక దేనికి పనికొస్తాడని తండ్రి రైలెక్కించాడు. గంజాం జిల్లా మగవాళ్ళంతా వెళ్ళినట్టే సూరత్ వెళ్ళి, మరమగ్గాల మోతకి ఒక చెవి అప్పజెప్పి, బదులుగా కరెంటు పని నేర్చుకుని బరంపురం చేరాడు. పెళ్ళి కూడా అయింది. ఆవిడ అతని చేత మాట్లాడించాలని ఏడాది పాటు శ్రమపడి, అలసిపోయి పుట్టింటికి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ శ్యామసుందరరావుగారి లైనులో మెట్ల కింద గది అతనిది. అద్దె లేదు. ఫ్యూజులు వేయడం, పంపు చూడటం, వసూళ్ళు చేసి ఓనరుకి అప్పజెప్పడం అతని పని.

వసూళ్ళలో కరెంటుదే పెద్ద యుద్ధం. చలికాలం బిల్లు పిల్లిలా వచ్చేది, ఎండాకాలం బిల్లు పులిలా వచ్చేది. మే నెల వస్తే ఎనిమిది ఇళ్ళవాళ్ళూ చిన్న మీటర్లని నమ్మక నడవలో చేరి, నీ కూలరంటే నీ ఇస్త్రీపెట్టె అని ఒకరి వంశాన్ని ఒకరు ఏకిపెట్టేవారు. అది చూసి చూసి తవిటయ్య జీవితంలో మొదటిసారి ఒక ఆలోచన చేశాడు. ఆఖరిది కూడా అదే. ఏడాది వాడకమంతా కూడి పన్నెండుతో భాగిస్తే ఇంటింటికీ ఒక మొత్తం వస్తుంది. ప్రతి నెలా అదే కట్టాలి, ఎండైనా వానైనా. చలికాలంలో మిగిలింది ఓనరు దగ్గర ఉంటుంది, వేసవిలో అదే ఆదుకుంటుంది.

అందరికీ నచ్చింది. ఏడాది పాటు నడవలో గొడవ లేదు. తవిటయ్య మొహం జనానికి గుర్తుండటం మొదలైంది.

ఏడాది నిన్నటితో నిండింది. చలికాలం మిగులంతా పోయి, పైన ప్రతి ఇంటికీ గట్టిగానే తక్కువ పడింది. "రేపు దీపాలు పెట్టే వేళకి వసూలు కావాలి. కాకపోతే మెయిన్ ఫ్యూజు పీకి నాకిచ్చి, నీ గది ఖాళీ చెయ్" అని రాత్రే చెప్పేశారు శ్యామసుందరరావుగారు. ఆయన రైల్వేలో హెడ్ క్లర్కుగా చేసి ఉద్యోగం దిగారు. దిగారు గాని, గొంతు ఇంకా ఆఫీసులోనే ఉంది.

తవిటయ్య స్టూలు దిగి, చేతులు తుడుచుకుని, మొదటి గుమ్మం ముందు నిలబడ్డాడు.

హేమచంద్ర పట్టుచీరల కొట్టులో గుమాస్తా. తడి తువ్వాలుతో బయటికి వచ్చాడు.

"ఏటి మిస్త్రీ, పొద్దున్నే దర్శనం ఇచ్చినావు?"

"ఏడాది లెక్క తేలింది బావూ. తక్కువొచ్చింది."

"ఎవులకి తక్కువొచ్చింది? నాకా, నీకా?"

"అందరికీ."

"నెలనెలా ఒకటే రేటు, మరింక మాటుండదని సెప్పింది నువ్వే కాదేటి? సలికాలంలో ఫ్యాను మొహం సూడకపోయినా కట్టినాం. ఆ డబ్బులేటైనాయి?"

"ఎండాకాలం తినీసింది."

"ఎండాకాలం తిందో, ఎండాకాలం పేరు సెప్పి ఎవుడు తిన్నాడో."

డబ్బు చేరింది ఓనరుకి. ఆ సంగతి హేమచంద్రకీ తెలుసు. కానీ ఓనరుని దొంగ అంటే ఇల్లు ఖాళీ చేయాలి. తవిటయ్యని అంటే ఏమీ చేయక్కర్లేదు.

మూడో ఇంట్లో కమలాకుమారి చిన్నపిల్లల బడిలో టీచరు. దోమల జాలీ తలుపు తీయకుండానే మాట్లాడింది. "నేనొక్కదాన్నీ ఎంత కాలుస్తాను మిస్త్రీగారూ? పోలీసు స్టేషను పక్క వీధిలోనే ఉంది. మర్యాదగా సెప్తున్నాను." ఆమె మర్యాద అంత దూరం వెళ్ళడం తవిటయ్య అంతకుముందు చూడలేదు. జాలీ మీద దుమ్ముంటే వేలితో తుడిచి వచ్చేశాడు. మిగిలిన గుమ్మాల్లో ఒకచోట తలుపు తెరుచుకోలేదు, ఒకచోట కుక్క వచ్చింది. కుక్కే నయం, దానికి లెక్కలతో పని లేదు.

మధ్యాహ్నానికి ఎండ తారు రోడ్డుని అప్పడంలా పొంగించింది. ఆరో ఇంటి అప్పలనర్సమ్మ మిక్సీ పాడైందని కేకేసింది. ఎండుచేపలు అమ్మి ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. ఆమె తిట్టు తగిలి ఒకసారి మున్సిపాలిటీ లారీ రివర్సులో వెళ్ళిపోయిందంటారు. తవిటయ్య గడప దగ్గర కూర్చుని మిక్సీ విప్పాడు. ఛాతీ మీద అరచేయి పెట్టుకుని కాసేపు ఆగి, మళ్ళీ స్క్రూలు తిప్పాడు.

"ఒరే తవిటీ, నిజం సెప్పు. తిన్నావా?"

"నేదప్పా."

"తినే మొహం కాదులే నీది. తినడానిక్కూడా తెలివుండాల. ఏ ఏడాది లెక్క సూసి కట్టినావు రేటు?"

"నిరుడుది. పన్నెండు నెలలూ కూడినాను."

"నిరుడు యాత్రుందేటి?"

తవిటయ్య చేతిలో స్క్రూ డ్రైవరు ఆగింది.

ఠాకురాణి యాత్ర రెండేళ్ళకోసారి. అమ్మవారు పుట్టింటికి వస్తుంది. ఆమె వచ్చిందంటే బరంపురంలో ఆడపిల్ల రాని ఇల్లుండదు. అల్లుళ్ళు, వియ్యంకులు, వాళ్ళ పక్కింటివాళ్ళు, మొక్కుకుని పులివేషం కట్టేవాళ్ళు, కట్టించేవాళ్ళు, చూడటానికొచ్చి నెల దాకా కదలనివాళ్ళు. ఒక్కో గదిలో జనం అగ్గిపుల్లల్లా సర్దుకుని పడుకుంటారు. మొన్నటి చైత్రంలో ఈ లైనులో ఫ్యాన్లు తిరిగిన తిరుగుడికి ఇళ్ళు పైకి లేవకుండా ఉండటమే వింత. "ఒక్కదాన్నీ" అన్న కమలాకుమారి ఇంట్లో ఇచ్ఛాపురం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు వంతులవారీగా నిద్రపోయారు. తవిటయ్య గదిలో కాసమ్మ, మొగుడు, నలుగురు పిల్లలు. వాళ్ళ కోసం అరువు తెచ్చిన టేబుల్ ఫ్యాను పగలూ రాత్రీ తిరిగింది.

అదంతా యాత్ర ఉన్న ఏడాది వాడకం. కట్టిన రేటు యాత్ర లేని ఏడాదిది.

"బరంపురం కుక్కక్కూడా తెలుసురా, యాత్ర రెండేళ్ళకోపాలని. నీకు తెల్దా?"

"మర్సిపోనానప్పా" అన్నాడు తవిటయ్య. మిక్సీ బిగించి, స్విచ్చు వేసి చూపించాడు. అది తిరిగింది. ఆ రోజు అతను చెప్పినట్టు విన్నది అదొక్కటే.

కాని మొహంలో కాస్త వెలుగొచ్చింది. కారణం దొరికింది కదా, చెబితే వింటారనుకున్నాడు. ముందు హేమచంద్ర దగ్గరకే వెళ్ళాడు. తినలేదని, యాత్ర సంగతి మరిచి రేటు కట్టానని, తప్పు తనదేనని చెప్పాడు.

హేమచంద్ర తాపీగా విన్నాడు. "ఇది మరీ అన్నేయం మిస్త్రీ. నువ్వు దొంగవైతే నాలుగు తన్ని వదిలీసీవోళ్ళం. తెలివితక్కువోడివైతే ఏటి సేస్తాం? నీ తప్పని నువ్వే అన్నావు. నువ్వే కట్టు."

ఆ మాట ఎనిమిది గుమ్మాలూ తిరిగి తవిటయ్య కంటే ముందే లైను చివర ఉన్న ఓనరు ఇంటి వరండాకి చేరింది.

దీపాలు పెట్టే వేళకి అందరూ అక్కడే ఉన్నారు. శ్యామసుందరరావుగారు పేము కుర్చీలో, అద్దెకున్నవాళ్ళు వరండా మెట్ల ముందు. తవిటయ్య స్తంభం దిమ్మ మీద కూర్చున్నాడు. ఆయన ముందు కూర్చోవడం అదే మొదటిసారి. అది కూడా ఆయన ఖాతాలో ఒక నేరంగా జమైంది.

"ఏమయ్యా, నువ్వు ఇంజనీరువా? నిన్ను సగటు తీయమన్నదెవరు?"

తవిటయ్య తన జన్మలో ఎప్పుడూ మాట్లాడనంత మాట్లాడాడు. "తప్పే బాబూ. ఒక ఏడాది సూసి కట్టీసినాను. రెండేళ్ళు కలిపి సూడాల. యాత్ర ఏడాదీ, యాత్ర నేని ఏడాదీ. ఇప్పుడు తక్కువైంది రేపు ఏడాది ఎక్కువై వస్తాది. రేటు ఓ పిసరు పెంచండి, అంతే. ఎవుల దగ్గరా ఇవాళ వసూలొద్దు. ఫ్యూజు పీకొద్దు. ఇంకో సలికాలం ఆగండి బాబూ. సాలు."

చెప్పి, స్తంభానికి జారబడి, ఎప్పటిలాగే ఎడమ చెవి ఓనరువైపు తిప్పాడు. తిట్లు వచ్చేటప్పుడు ఆ చెవే ఆయనకి ఇస్తాడని అందరికీ తెలుసు.

"చలికాలమట. ఎవడి సొమ్ముతో ఆగుతాడు చలికాలం దాకా?" అని మొదలెట్టారాయన. రైల్వేలో నేర్చిన తిట్లు తెలుగులోను, ఒరియాలోను, అవి చాలక ఇంగ్లీషులోను వరసగా వదిలారు. ఆయనకి ఆయాసం వచ్చినప్పుడు హేమచంద్ర అందుకున్నాడు. కమలాకుమారి కూడా రెండు మాటలు అంది, మర్యాదగానే. తవిటయ్య మారు పలకలేదు. పలకకపోవడం అతనికి అలవాటే కాబట్టి ఎవరికీ ఏమీ అనిపించలేదు.

"చూశారా, ఎంత పొగరో. రెప్ప కూడా వేయడం లేదు" అన్నారు శ్యామసుందరరావుగారు.

అప్పలనర్సమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. "ముందు గొంతు తడుపుకోరా" అంటూ భుజం మీద చెయ్యి వేసింది. తవిటయ్య స్తంభం వెంట మెల్లగా పక్కకి ఒరిగాడు. ఆమె చెంబు కింద పెట్టి, ముక్కు దగ్గర వేలుంచి చూసింది.

"ఇంక ఆపండి బాబూ" అంది. "ఎవుల్ని తిడుతున్నారు? ఈడు ఎల్లిపోనాడు."

ఆ తిట్లలో ఏవి బతికున్నవాడికి చేరాయో, ఏవి చేరలేదో తర్వాత ఎవరూ తేల్చలేకపోయారు.

కాసమ్మకి ఫోను చేశారు. మొగుడు వేటకి వెళ్ళాడు, పడవ ఒడ్డుకి రాగానే తెల్లారేసరికి వస్తామంది. తెల్లారేదాకా ఆ ఎండల్లో శవం ఆగదు. వీధి కుర్రాళ్ళ సంఘంవాళ్ళు ఫ్రీజర్ పెట్టె తెచ్చారు. మెట్ల కింద గదిలో అది పట్టలేదు. వరండాలోకి ఓనరు ఒప్పుకోలేదు. ఎనిమిది గుమ్మాల ముందున్న నడవలో దింపారు.

పెట్టెకి కరెంటు కావాలి.

"ఎవులింట్లోంచి లాగుతారు?" అన్నాడు హేమచంద్ర. "తెల్లార్లూ తాగుతాది అది. మా మీటరు మీద వొద్దు."

"నాకు ఇప్పటికే తక్కువొచ్చిందని సెప్పారు" అంది కమలాకుమారి.

మెట్ల కింద గదికి మీటరు లేదు. శ్యామసుందరరావుగారు లోపలికి వెళ్ళి కళ్ళజోడు వెతుక్కుంటున్నారు.

"సిగ్గు నేదర్రా? ఈ కరెంటు అందరి మీదా సమానంగా ఎయ్యండి" అంది అప్పలనర్సమ్మ. "ఆడు సెప్పిందీ అదే కాదేటి." తన కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు బయటికి లాగి పడేసింది.

ప్లగ్గు పెట్టి స్విచ్చు వేయగానే పెట్టె ఒకసారి గుర్రుమంది, లైనంతా చీకటైపోయింది. ఫ్యూజు ఎగిరింది.

"ఒరే తవిటీ" అని నలుగురైదుగురు ఒకేసారి పిలిచారు. పెట్టెవైపే తిరిగి పిలిచారు.

కమలాకుమారి ఫోను వెలుతురు పట్టింది. హేమచంద్ర రబ్బరు చెప్పులు వేసుకుని స్టూలెక్కి, అప్పలనర్సమ్మ తిడుతుంటే తీగ చుట్టాడు. మూడోసారికి నిలిచింది. ఈలోపు కళ్ళజోడు దొరికినట్టుంది, శ్యామసుందరరావుగారు బయటికి వచ్చారు.

"హఉ, సరే, ఇంకో చలికాలం ఆగుతాను" అన్నారు, ఎవరివైపూ చూడకుండా. "వాడు చెప్పాడని కాదు. వసూలు చేసేవాడు దొరకాలి కదా."

తెల్లవారి కాసమ్మ వచ్చింది. అన్న మీద పడి ఏడ్చింది, లేచి ఎనిమిది గుమ్మాలనీ పేరుపేరునా శపించింది. అందరూ తలలొంచుకుని తమ తమ వాటాలు తీసుకున్నారు. మగవాళ్ళు పాడె ఎత్తారు. సంఘం కుర్రాళ్ళు పెట్టెని ట్రాలీ ఆటో ఎక్కించుకుని పోయారు. ఆడవాళ్ళు నడవ కడిగి, స్నానాలకి లోపలికి వెళ్ళి తలుపులు వేసుకున్నారు.

అప్పలనర్సమ్మ కిటికీ కింద, కడిగిన నీళ్ళు తాకని చోట, ఎక్స్‌టెన్షన్ బోర్డు పడి ఉంది. దాని స్విచ్చు ఎవరూ ఆపలేదు. పట్టపగటి ఎండలో, మూల మీద మినపగింజంత ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.