మిద్దె మీద స్టాటిస్టిక్స్

పెళ్ళయి అత్తగారింటికి వచ్చిన కొత్తల్లోనే బిందుకు తెలిసిపోయింది, ఆ ఇంట్లో కాలేజీ చదువు చదువుతున్నది తన అత్త మాలకొండమ్మేనని.

నాయుడుపేట నుంచి తూర్పుగా, సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఉంటుంది ఆ ఊరు. మాలకొండమ్మ అక్కడి అంగన్‌వాడీ కార్యకర్త. ఇంటర్ పాసైన ఏడాదే పెళ్ళి కావడంతో చదువు ఆగిపోయింది. కొడుకు నరేంద్రబాబు చేతికి అందివచ్చి, ఊరికి దగ్గర్లోని ఫ్యాక్టరీలో ఉద్యోగంలో కుదురుకున్నాక, ఎవరినీ అడగకుండా వెళ్ళి దూరవిద్యలో డిగ్రీకి చేరింది. సూపర్‌వైజరు పోస్టులకు డిగ్రీ ఉన్నవాళ్ళనే పిలుస్తారన్నది ఒక కారణం. ఆగిపోయిన పని ఆగిపోయినట్టే ఉండటం ఆమెకు గిట్టదన్నది రెండో కారణం. బిందు అక్కడికి వచ్చేసరికి మిగతా పేపర్లన్నీ గట్టెక్కాయి. ఒక్క స్టాటిస్టిక్స్ మిగిలింది. లెక్కలంటే భయంతో ఆమె దాన్ని వెనక్కి తోసుకుంటూ వచ్చింది. ఆ ఒక్క సబ్జెక్టును ఆన్‌లైన్ కోర్సుగా చదివి, నెల్లూరులో పరీక్ష రాసి పాసైతే, దాని క్రెడిట్లు డిగ్రీలో కలుపుతామని యూనివర్సిటీవాళ్ళు చెప్పారు.

ఇంట్లో ఫోను సిగ్నలు మిద్దె మీదే బాగా అందుతుంది. సాయంత్రం అంగన్‌వాడీ తాళం వేసి రాగానే మాలకొండమ్మ ఇన్ని టీనీళ్ళు తాగి, చాప చంకన పెట్టుకుని మెట్లెక్కేది. కింద వాకిట్లో పారకు పిడి బిగించుకుంటున్న మామ హజరత్తయ్యకు కూడా పైనుంచి పాఠం వినపడుతూనే ఉండేది.

"మళ్ళీ మొదలుపెట్టినాడు ఆ అయ్యోరు," అనేవాడాయన. "మీను, మీడియను అంటా ఉండాడు. నాకైతే మీను అంటే చేపేనమ్మా."

ఒకరోజు ఆరేసిన బట్టలు తీద్దామని బిందు పైకి వెళ్ళింది. అత్త ఒకే వీడియోను వెనక్కి జరిపి మళ్ళీ మళ్ళీ వింటోంది.

"బిందూ, నువ్వు బీకాంలో ఇది చదివే ఉంటావు గదా. సగటుకీ ఒక్కో అంకెకీ మధ్య తేడా తీసినాం. సరే. దాన్ని మళ్ళీ దాంతోనే ఎందుకు గుణించమంటుండాడు?"

బిందు పరీక్షలో ఆ లెక్క తప్పు పోకుండా చేసింది. ఎందుకు చేశానో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. "నాకూ తెలీదత్తా. సూత్రం బట్టీ పట్టినాను," అంది.

"అయితే కూర్చో. ఇద్దరం విందాం."

మడతపెట్టిన బట్టలు ఒళ్ళో పెట్టుకుని బిందు చాప అంచున కూర్చుంది. పాఠం ఇంగ్లీషులో ఉంది. మాటమాటకూ ఆపి, బిందు తెలుగులో చెప్పడం, అత్త తలాడించడం. అంగన్‌వాడీ పిల్లల ఎత్తులు నాలుగు వేసుకుని, సగటు కట్టి, తేడాలు తీసి కూడితే సున్నా వచ్చింది. ఎక్కడో తప్పు పోయిందని మళ్ళీ కూడారు. మళ్ళీ సున్నానే.

మాలకొండమ్మ ప్లస్‌లనూ మైనస్‌లనూ వేలితో జత కలిపి చూసి, ఒక్కసారిగా నవ్వింది. "ఎగస్ట్రా ఉండేవీ తక్కువ ఉండేవీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుండాయి మే! తేడాలున్నా లేనట్టు కనపడతాది. అందుకని వర్గం చేసి మైనస్‌ను పోగొడతుండాడు."

ఆ క్షణాన శ్రీహరికోటలో రాకెట్ లేచింది. మిద్దె అదిరి, కింద కిటికీ రెక్కలు గడగడలాడాయి. మాలకొండమ్మ వీడియో ఆపి, తలెత్తి, ఆకాశంలో ఆ తెల్లటి గీత కనుమరుగయ్యేదాకా చూసి, మళ్ళీ ఫోను చేతికి తీసుకుంది. "ఆ, తర్వాత?" అంది.

అప్పటి నుంచి బిందు కూడా రోజూ మిద్దె ఎక్కడం మొదలుపెట్టింది. అత్త అంటే పుట్టింట్లో అందరూ నూరిపోసిన భయం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు.

కోర్సులో వారం వారం అసైన్‌మెంటు ఉండేది. ప్రశ్నలకు గడువులోపల ఆన్‌లైన్‌లో జవాబులు పెట్టాలి. ఆ మార్కులు కూడా చివరి ఫలితంలో కలుస్తాయి. మాలకొండమ్మకు అన్నీ సరిగ్గా ఎప్పుడూ రాలేదు. వచ్చినన్ని వచ్చాయి. తప్పయినవాటిని మర్నాడు మళ్ళీ చేసి చూసుకునేది.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. వాన ఎడతెరిపి లేకుండా కురిసి, ఊరి పల్లంలో ఉన్న ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. జనాన్ని స్కూలుకు తరలించారు. పసిపిల్లలు, బాలింతలు అందరూ అక్కడే. మాలకొండమ్మ ఇంటి మొహం చూడకుండా వాళ్ళకు పాలు, గుడ్లు, అన్నం అమర్చే పనిలో పడిపోయింది. బిందు తడుస్తూ పొడిబట్టలు తీసుకెళ్తే, "అసైన్‌మెంటుకు రేపే ఆఖరు. ఈ వారానికి పోయినట్టే," అని నవ్వి, ఏడుస్తున్న పిల్లను భుజాన వేసుకుంది.

నీళ్ళు తీశాక ఆమె ఇల్లు చేరిన సాయంత్రం, నరేంద్రబాబు ఫోను ముందుకు చాపాడు. మొహం వెలిగిపోతోంది.

"చూడు మా. నీ అసైన్‌మెంటు పోలేదు. ఫుల్ మార్కులు!"

మాలకొండమ్మ తల తుడుచుకుంటున్న తువ్వాలు పక్కన పెట్టింది. "ఎవురు రాసినారు?"

"నేనే. నీ పాస్‌వర్డ్ నాకు తెలుసు గదా. మా ఫ్యాక్టరీలో ఒకడు జవాబులు పంపినాడు. అవే టిక్కు కొట్టి పంపేసినా."

"దాన్ని తీసేయడం కుదురుతాదా?"

"తీసేసేదేంది? అందరూ ఇట్నే చేస్తుండారు. నువ్వేమో వానలో ఊరి పిలకాయలకు సేవ చేస్తావుంటివి. నీకు ఈ మాత్రం సాయం చేస్తే తప్పా?"

"సాయం చెయ్యాలనుకుంటే స్కూలుకాడికి వచ్చి రెండు బిందెలు నీళ్ళు మోసుండొచ్చు గదరా." ఆమె గొంతు పెంచలేదు. "తూకం వేయకుండా ఏ బిడ్డ బరువూ రాసినదాన్ని కాదు నేను. పైనుంచి వచ్చినోళ్ళు రాసిపారేయమన్నా రాయలేదు. ఇప్పుడు నా పేరు మీద నాకు రాని మార్కులు పెట్టుకోమంటావా?"

నరేంద్రబాబు బిందు వైపు చూశాడు, నువ్వయినా చెప్పు అన్నట్టు. బిందు అత్త పక్కన పెట్టిన తువ్వాలు తీసి దండెం మీద ఆరేసింది. భర్త చేసింది ప్రేమతోనేనని తెలుసు. అత్త అన్నది సరేనని కూడా తెలుసు.

మర్నాడు మాలకొండమ్మ చెబుతుంటే బిందు కోర్సువాళ్ళకు ఈమెయిల్ టైపు చేసింది. ఫలానా వారం అసైన్‌మెంటు నేను రాసింది కాదు, నా మార్కుల్లో కలపవద్దు అని. ఎవరు రాశారో మాత్రం రాయనివ్వలేదు. ఒక్కదాన్నే రద్దు చేసే వీలు లేదని, కావాలంటే తరువాతి సెషన్‌లో కోర్సు మొదటి నుంచి చేసుకోవచ్చని మర్యాదగా జవాబొచ్చింది.

"అంటే ఆరు నెలలు వెనక్కి," అంది బిందు. "అత్తా, సూపర్‌వైజరు నోటిఫికేషన్ ఈలోపల వస్తే?"

"వస్తే వస్తాది." మాలకొండమ్మ ఆ సారి పరీక్షకు పేరు ఇవ్వలేదు.

నోటిఫికేషన్ రానే వచ్చింది. పక్క ఊళ్ళో కార్యకర్తగా పనిచేసే చెంచులక్ష్మి, మాలకొండమ్మ కంటే ఎంతో చిన్నది, డిగ్రీ ఉండటంతో సూపర్‌వైజరయింది. మొదటిసారి తనిఖీకి వచ్చిన రోజున అంగన్‌వాడీ కేంద్రంలో పాలు కాచడానికి సాయంగా బిందు అక్కడే ఉంది. అత్త లేచి నిలబడి, "రండి మేడమ్," అని కుర్చీ వేసింది. చెంచులక్ష్మికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నన్ను మేడమ్ అనబాకక్కా. ఈ కుర్చీ నీది."

"నాది కాదమ్మా. నువ్వు చదువుకున్నావు, నీకొచ్చింది. కూర్చో. ముందు ఆ మూలనుండే బిడ్డను చూడు, రెండు వారాల్నుంచి బరువు పెరగడంలా."

ఇద్దరూ ఆ బిడ్డ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు. అత్త గొంతులో గానీ మొహంలో గానీ కినుక ఏమన్నా ఉందేమోనని బిందు వెతికింది. లేదు. ఆ రాత్రి ఇంట్లో ఆ మాట చెబితే నరేంద్రబాబు అన్నం సగంలో వదిలేసి లేచాడు. రెండు రోజుల తరువాత ఒక స్నేహితుడి దగ్గర్నుంచి పాత లాప్‌టాప్, దానికో మౌసు తెచ్చి తల్లి ముందు పెట్టాడు.

"పరీక్ష కంప్యూటర్ మీద అంట గదా. చెయ్యి అలవాటు కావాల," అన్నాడు నేలచూపులు చూస్తూ.

"జవాబులు నేను చెప్పుకుంటా. ఇది ఎట్టా తిప్పాలో నువ్వు చెప్పు," అంది తల్లి. అతను పక్కన చతికిలబడ్డాడు.

మౌసు ఆమె మాట వినడానికి చాలా రోజులు పట్టింది. బాణం గుర్తు తెరంతా పరుగులు తీసేది. హజరత్తయ్య గడపలో నిలబడి, "దుక్కిటెద్దుకు పగ్గం పట్టినట్టు అంత గట్టిగా పట్టుకోబాక మే," అని సలహా ఇచ్చేవాడు. కొత్త సెషన్ మొదలైంది. పాఠాలన్నీ మొదటి నుంచి విన్నారు. వచ్చిన పాఠాన్ని కూడా దాటవేయనివ్వలేదు ఆమె. ఈసారి అసైన్‌మెంట్లలో తప్పులు తగ్గాయి. ఒక్కోసారి బిందు కంటే ముందే ఆమె జవాబు చెప్పేది. చెప్పి, కోడలి మొహంలోకి చిన్నపిల్లలా చూసేది.

పరీక్షకు అత్తాకోడళ్ళిద్దరూ నెల్లూరు వెళ్ళారు. లోపలికి పోయే వరుసలో అందరూ పాతికేళ్ళలోపు వాళ్ళే. వాళ్ళ మధ్య ముడివేసిన జుట్టుతో, ఇస్త్రీ చేసిన నీలం నేత చీరలో, మాలకొండమ్మ హాల్‌టికెట్ పట్టుకుని నిలబడింది. ముందున్న అమ్మాయి వణుకుతుంటే భుజం మీద చెయ్యివేసి ఏదో చెప్పింది. ఆ అమ్మాయి నవ్వింది. గేటు బయట నుంచి బిందు మునివేళ్ళ మీద నిలబడి చూసింది. తన డిగ్రీ పరీక్షలకు తను ఇలా నిటారుగా నడిచి వెళ్ళిన గుర్తు లేదు.

అత్త బయటికి రాగానే, "ఎట్టా రాసినావత్తా?" అని పరుగున వెళ్ళి అడిగింది.

"వచ్చినవి రాసినా. రానివి రాలేదు. ఆకలవుతుండాది, పద," అంది మాలకొండమ్మ.

ఫలితాలొచ్చిన రోజు నరేంద్రబాబు చూసి చెబుతానంటే వద్దంది. తనే మిద్దె మీద కూర్చుని, తనే నంబరు కొట్టి చూసుకుంది. పెద్ద మార్కులేం కాదు. పాసయింది. కిందికి దిగొచ్చి, "వచ్చేసింది," అని ఒక్క మాట అని, పొయ్యి మీద పొంగుతున్న పాలను దించింది. హజరత్తయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా బజారుకు పోయి జిలేబీ పొట్లంతో వచ్చాడు.

క్రెడిట్లు కలిశాయి. కొన్నాళ్ళకు డిగ్రీ చేతికొచ్చే రోజూ వచ్చింది. సూపర్‌వైజరు పోస్టులకు మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో ఎవరికీ తెలియదు. ఆమె ఎప్పటిలాగే పొద్దున్నే అంగన్‌వాడీకి పోతోంది. ఆదివారాల్లో మాత్రం చెంచులక్ష్మి పంపిన ఇద్దరు ముగ్గురు కార్యకర్తలు వచ్చి, ఈ ఆన్‌లైన్ కోర్సుల్లో ఎట్టా చేరాలక్కా అని అడుగుతున్నారు.

ఆ డిగ్రీ సర్టిఫికెట్ తీసుకుని తిరిగొస్తున్న రోజున, బస్సులో మాలకొండమ్మ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. యూనివర్సిటీ పేరున్న కవరు బిందు ఒళ్ళో ఉంది. ఎదుటి సీట్లో కూర్చున్న పెద్దావిడ అదేపనిగా దానివైపు చూసి, "డిగ్రీ పాసయినావా అమ్మా? మంచిది, మంచిది," అంది.

"నాది కాదు పెద్దమ్మా, మా అత్తది," అంది బిందు.

పెద్దావిడ నమ్మలేనట్టు నిద్రపోతున్న మనిషిని ఒకసారి, కవరును ఒకసారి చూసింది. బిందు కవరు తెరిచి, పేరు కనపడేలా ఆవిడ ముందుకు జరిపింది. వెనక సీటులోని వాళ్ళకు కూడా వినపడేంత గట్టిగా, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదివి వినిపించింది.